నలభై ఒక్క కార్డులు

వేమగిరి పేరిందేవికి టీవీలో నచ్చనిది కనబడితే అన్నం సయించేది కాదు. బాగా నచ్చింది కనబడినా అంతే. ముందు కార్డు ముక్క మీద నాలుగు వాక్యాలు గీకి, పొద్దున్నే పోస్టు డబ్బాలో వెయ్యడానికి గూట్లో పెట్టి, అప్పుడు గాని కంచం ముందు కూర్చునేది కాదు. పౌరాణికంలో రాణిగారి ముంజేతికి గడియారం పట్టీ మచ్చ కనబడిందని రాసింది. వార్తలు చదివే అమ్మాయి వరద కబురు చెబుతూ నవ్వు మొహం పెట్టిందని రాసింది. పాటల కార్యక్రమంలో వారం వారం ఒకే హీరో పాటలు వేస్తున్నారు, మిగతావాళ్ళేం పాపం చేశారని రాసింది. కుస్తీ పోటీలు చూపించడం తప్పని ఒక వారం, వాటిని ఆపెయ్యడం ఇంకా తప్పని మరో వారం రాసింది. అభిప్రాయం మార్చుకునే హక్కు చూసేవాళ్ళకి ఉంటుందని ఆవిడ వాదన.

అంచేత, డెబ్బయ్యారో ఏట, విశాఖపట్నం నుంచి ఏదో ప్రయోగశాల వాళ్ళు ఫోన్ చేసి, "మీ పేరున ఆరువందల పదకొండు ఉత్తరాలు దొరికాయండీ, మీరోసారి రావాలి" అంటే ఆవిడేమీ ఆశ్చర్యపోలేదు.

"ఆరువందల పదకొండేనా? మిగతావి పారేసుంటారు," అంది.

చేపల రేవు దగ్గర ఒకప్పుడు రొయ్యలు దాచే శీతల గిడ్డంగి అది. ఇప్పుడు రొయ్యల బదులు టేపులు దాస్తున్నారు. గోడలకి ఎన్నిసార్లు సున్నం వేసినా ఆ పాత వాసన వదల్లేదు. లోపల చలి. ప్రయోగశాల పెద్ద డాక్టర్ సుమేధ స్వయంగా గుమ్మం దాకా వచ్చి ఆవిడకి శాలువా కప్పింది. నలభయ్యారేళ్ళ మనిషి, జుట్టు సగం నెరిసింది, రంగు వేసుకోలేదు. పేరిందేవికి ఆ మాత్రానికే నచ్చేసింది.

"సన్మానమా అమ్మా ఇది?"

"చలికండీ పిన్నిగారూ. సన్మానం ఎల్లుండి ప్రారంభోత్సవంలో. 'ఉత్తమ ప్రేక్షకురాలు' అని ఫలకం కూడా చేయించాం."

పేరిందేవి శాలువా సర్దుకుంది. నలభయ్యేళ్ళు ఆలస్యమైనా ఎవరో ఒకరికి తెలిసొచ్చింది కదా అనుకుంది.

సుమేధ ఆవిణ్ణి యంత్రం దగ్గరికి తీసుకెళ్ళింది. దాని పేరు జ్ఞాపిక. మంచం అంత పొడుగున్న గాజు పెట్టె, లోపల రెండు చక్రాలు, వాటి మధ్య సన్నటి నీలం వెలుతురు. ఆ రోజు ఒక ఉగాది కార్యక్రమం టేపు ఎక్కించారు. టేపు నల్లరిబ్బను మీద పూసిన పొడి ఎప్పుడో పాడైపోయింది. వెలుతురు తగిలిన చోటల్లా పొడి రాలిపోతోంది. పెట్టె అడుగున గోధుమరంగు గుట్ట పడుతోంది. ఎదుట గోడమీద తెరనిండా ముసురు పట్టినట్టు చుక్కలు.

"ఒక్కసారే చదవగలం పిన్నిగారూ. చదివాక టేపు ఉండదు. ఉన్న పొడిలో కూడా బొమ్మ ఎక్కడుందో, దుమ్మెక్కడుందో దీనికి తేడా తెలీదు. ఏం వెతకాలో చెప్పాలి."

"ఎవరు చెబుతారు?"

"మీరు."

సుమేధ ఒక పసుపుపచ్చ కార్డు పెట్టె పక్కనున్న అద్దం మీద పెట్టింది. పేరిందేవి తన దస్తూరీ తనే గుర్తుపట్టింది. 'మిమిక్రీ చేసినాయన చొక్కాకి మూడో గుండీ ఊడి ఉన్నది. కేంద్రం వారి వద్ద సూదీ దారం లేవా?'

తెర మీద చుక్కలు కదిలాయి. కాసేపటికి ఒక భుజం, ఒక మైకు, బక్కపల్చటి మనిషి. చొక్కా మూడో గుండీ లేదు. ఆయన ఏదో ఇంజను కూత పెట్టాడు. ఎక్కడో దూరంగా జనం నవ్వారు. ఆ మనిషి పోయి పాతికేళ్ళయిందిట.

ఆ నవ్వుల వెనకాలే తన ఇల్లు వినిపించింది పేరిందేవికి.

సామర్లకోట దగ్గర చక్కెర ఫ్యాక్టరీ క్వార్టర్లు. వరసకి పన్నెండిళ్ళు, ఒకే నుయ్యి. చెరుకు ఆడే రోజుల్లో గాలంతా బెల్లప్పాకం వాసన. ఆరేసిన బట్టల మీద సన్నగా నుసి. వరస మొత్తానికి టీవీ వాళ్ళింట్లోనే ఉండేది. తూకం దగ్గర గుమాస్తా అయిన ఆవిడ భర్త కొన్నాడు. సాయంత్రం అయ్యేసరికి చాపలు పరవడం, ముందు వరసలో పిల్లలు, వెనక ఆడవాళ్ళు, గుమ్మం అవతల చెప్పులు విడిచినచోటే నిలబడి మగవాళ్ళు. మేడ మీద ఒకరు యాంటెన్నా తిప్పుతుంటే కింద నుంచి పన్నెండిళ్ళ వాళ్ళూ "ఇంకొంచెం, ఇంకొంచెం, ఆఁ, ఉంచు" అని అరవడం. సీరియల్ అయిపోయాక ఎవరూ వెంటనే లేచేవారు కాదు. పేరిందేవి ఏమంటుందో వినాలి. ఆవిడ బాగుందంటే బాగున్నట్టే.

ఉత్తరాల కార్యక్రమంలో ఒకే విషయం మీద ఎక్కువ కార్డులు వస్తేనే చదివేవారు. ఆ సంగతి ఆవిడే కనిపెట్టింది. అప్పటినుంచి వరసలో వాళ్ళందరి పేర్లమీదా తనే రాసేది. వాళ్ళూ అడిగేవారు. "నా పేరున కూడా ఓటి పడెయ్యండి పిన్నిగారూ, టీవీలో పేరు చెబుతారు" అనేవారు. పేరు వినబడిన రోజున ఆ ఇంట్లో పాయసం. అన్నీ ఒకే ఊరి ముద్రతో వెళ్తే అనుమానం వస్తుందని చెరుకు లారీల వాళ్ళకిచ్చి పిఠాపురంలో నాలుగు, తునిలో నాలుగు, జగ్గంపేటలో నాలుగు వేయించేది. దస్తూరీ మార్చేది. ఎడమచేత్తో రాసేది. ఊదాసిరా, పెన్సిలు, కళ్ళు కనపడని ముసలాయనలా వంకర గీతలు. అదో ఆట. అందులో తప్పుందని ఆ పన్నెండిళ్ళలో ఒక్కరికీ తోచలేదు.

"పిన్నిగారూ, రేపు పొద్దున్న చదవబోయేది అన్నిటికన్నా ముఖ్యమైంది," అంది సుమేధ, టీ గ్లాసు చేతికిస్తూ. "'మధ్య గది' సీరియల్ గుర్తుందా మీకు?"

టీ కొంచెం శాలువా మీద ఒలికింది.

"ఉంది," అంది పేరిందేవి.

"పదమూడు భాగాలు రావాల్సింది. ఎనిమిదితో ఆపేశారు. మొదటి ఏడూ చెరిపేసి వాటి మీదే వేరే కార్యక్రమాలు ఎక్కించారు. ఎనిమిదోది గొడవ జరిగింది కాబట్టి ఫైలుతో కలిపి బీరువాలో పెట్టారు. అదొక్కటే మిగిలింది. ఆ గొడవ మీక్కూడా తెలిసే ఉంటుంది, మీరూ రాశారుగా."

గొడవ తెలియకపోవడమేమిటి. కథానాయిక సుభద్ర అత్తారింట్లో మధ్య గదిలో రోజులు వెళ్ళదీసే ఇల్లాలు. ఎనిమిదో భాగంలో నూతి దగ్గర నిలబడి మెళ్ళో సూత్రాలు తెంపి నూతిలో పారేసిందని గొడవ. ముందు కార్డులు వచ్చాయి. ఆ తరవాత పత్రికల్లో పడింది. మహిళా మండలి వాళ్ళు ఊరేగింపు తీశారు. తీసినాయన అలాంటిదేమీ లేదు మొర్రో అన్నా ఎవరూ వినలేదు. మళ్ళీ వేసి చూపిద్దామంటే అదే తప్పు రెండుసార్లు చేస్తారా అని కోప్పడ్డారు. ఆ భాగం చూసినవాళ్ళు కూడా పదిమందీ అంటుంటే, అవును చూశాం అనుకున్నారు.

"పొడి బాగా పాడైంది. అందుకని ముందే ఉత్తరాలు మాత్రం ఇచ్చి ఒక నమూనా తీశాం. చూడండి."

తెర మీద నుయ్యి. నూతి పక్కన ఒక మనిషి. మొహం ఇంకా సరిగ్గా ఏర్పడలేదు, అయినా నిలబడిన తీరు పేరిందేవికి తెలుసు. ఏడు వారాలపాటు ఆ మనిషి కోసం ఆవిడ మంగళవారాల్ని లెక్కపెట్టుకుంది. తెరలో చెయ్యి మెడ మీదికి వెళ్ళింది, ఒక్క లాగు లాగింది, నూతిలోకి విసిరింది. విసిరిన చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది.

"నలభై ఒక్కమంది రాశారు," అంది సుమేధ. "వేరువేరు ఊళ్ళు, వేరువేరు చేతులు. అందరూ ఒకే మాట. 'ఒక్క లాగు లాగి విసిరింది'. ఇంత గట్టి సాక్ష్యం మాకు ఏ టేపుకీ దొరకలేదు. వాళ్ళలో ఇప్పుడు బతికున్నట్టు దొరికింది మీరొక్కరే. రేపు టేపు ఎక్కించేముందు మీరు చూసిందే రాశారని ఒక సంతకం పెడితే చాలు."

పేరిందేవి గ్లాసు కింద పెట్టింది.

"ఈ టేపు మీద నీకింత పట్టుదలేమిటమ్మా?"

సుమేధ తెర ఆపేసింది. ఆపినా ఆ గాల్లో చెయ్యి కాసేపు కనబడుతూనే ఉంది.

"సుభద్రగా వేసింది మా అమ్మ," అంది. "మందాకిని. నాకప్పుడు మూడేళ్ళు. ఆ తరవాత మొహానికి రంగు వేసుకోలేదు. మా నాన్నవైపు వాళ్ళు పెళ్ళిళ్ళకి పిలవడం మానేశారు. కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుట్టింది, ముప్పయ్యేళ్ళు. ఎవరో ఒకరు కొలతలు ఇస్తూ ఇస్తూ మీరేనా అండీ అది అనేవారు. 'నేను తెంపలేదే, నీళ్ళు తోడాను, అంతే' అనేది నాతో. పోయేముందు కూడా అంది. రెండేళ్ళయింది."

"మరి నువ్వు నమ్మలేదా?"

"చిన్నప్పుడు నమ్మాను పిన్నిగారూ. ఈ యంత్రం మొదలెట్టిందే అందుకు. కానీ నలభై ఒక్కమంది ఎందుకు అబద్ధం ఆడతారండీ? అమ్మే తట్టుకోలేక అలా చెప్పిందనుకుంటున్నాను. పోనీలే, ఏదైతేనేం, అమ్మ కదులుతూ కనిపిస్తే చాలు నాకు."

ఎనిమిదో భాగం పేరిందేవి చూడనే లేదు.

ఆ మంగళవారం సుభద్ర నూతి దగ్గరికి నడుస్తూ ఉండగా వరస మొత్తానికి కరెంటు పోయింది. చాపల మీద జనం ఉసూరుమన్నారు. ఆఫీసర్ల బంగళాల వైపు మాత్రం ఫ్యాక్టరీ జనరేటరు ఉండేది. ఇంజనీరుగారింట్లో వంట చేసే సీతారత్నం పని ముగించుకుని వస్తే అందరూ చుట్టూ మూగారు. సుభద్ర ఏం చేసిందిట అని అడిగారు. సీతారత్నం చెప్పింది. పేరిందేవికి ఒళ్ళు మండిపోయింది. సుభద్రని ఆవిడ సొంత చెల్లెలికన్నా ఎక్కువగా నెత్తిన పెట్టుకుంది. ఆరో భాగం చూసి కళ్ళు తుడుచుకుంటూ కార్డు రాసింది. అలాంటి మనిషి ఇంత పని చేస్తుందా, నన్ను ఇంత మోసం చేస్తుందా అని ఆ కోపం. దీపం బుడ్డి వెలుగులో కూర్చుని ఒక్క ఊపున నలభై ఒక్క కార్డులు రాసింది. వరసలో పేర్లు చాలకపోతే పక్క వరస వాళ్ళవి కూడా వాడింది. చూడలేదని ఎక్కడా రాయలేదు. పేరిందేవి చూడకుండా అభిప్రాయం చెప్పిందంటే ఇక ఎవరు వింటారు?

అతిథిగృహంలో దింపగానే సీతారత్నానికి ఫోన్ చేసింది. పెద్దాపురంలో కూతురింట్లో ఉంటోంది. ఎనభై దాటాయి. ఇంకా మాట గట్టిదే.

"సుభద్ర సూత్రాలు తెంపడం నువ్వు చూశావా లేదా, ఇప్పుడు చెప్పు," అంది పేరిందేవి, బాగున్నావా అని కూడా అడక్కుండా.

"ఇన్నేళ్ళకి గుర్తొచ్చిందా నీకు?"

"చెప్పు."

"నేను చూసింది కిటికీలోంచి కదే. హాల్లో కూర్చోబెడతారేంటి నన్ను? చేతిలో పప్పుగిన్నె, అవతల అమ్మగారి కేకలు. ఆ పిల్ల చెయ్యి మెడ మీదికి పోయింది, నూతి మీదికి వంగింది. తెంపి పారేసినట్టుంది అన్నాను. అంతే నేనంది. ఒక్క లాగు లాగిందీ, విసిరిందీ అవన్నీ నీ కవిత్వం."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"టీవీలో నా పేరు చదివారు పేరిందేవీ. మా ఆయన ఆ రోజు పాయసం వండమన్నాడు. ఎలా చెప్పను?"

సీతారత్నమే మళ్ళీ అంది, "ఇప్పుడెందుకులే. ఎవరికి తెలుసు గనక?"

అదే మాట పేరిందేవి లోపల కూడా తిరుగుతోంది. సంతకం పెట్టి ఊరుకుంటే ఎల్లుండి ఫలకం చేతికొస్తుంది. పేపర్లో ఫొటో పడుతుంది. నిజం చెబితే ఆ ఆరువందల పదకొండు ఉత్తరాలకీ విలువ లేకుండా పోతుంది. జీవితంలో ఆవిడ సంపాదించుకున్నదల్లా ఆ ఒక్క పేరే. పిల్లలు లేరు. భర్త పోయి పన్నెండేళ్ళు. సంతలో కనబడితే ఇప్పటికీ ఎవరో ఒకరు "మీరు టీవీకి రాసేవారు కదండీ" అంటారు. ఆ మాటకి ఆవిడ నెల్లాళ్ళు బతికేస్తుంది.

కానీ రేపు ఆ పెట్టెలో టేపు తిరిగితే, నిజంగా మందాకిని ఏం చేసిందో చెప్పే ఆ కాస్త పొడీ రాలిపోతుంది. మిగిలేది పేరిందేవి చేయించిన పనే. కూతురు అదే చూసుకుంటూ ఉంటుంది, బతికినన్నాళ్ళూ. ఆ రాత్రి ఆవిడకి అన్నం సయించలేదు. ఈసారి కార్డు రాస్తే తీరే బాధ కాదు.

పొద్దున్న ఎనిమిదింటికి ప్రయోగశాలకి వెళ్ళేసరికి టేపు చక్రానికి ఎక్కించి ఉంది. బల్లమీద సంతకం కాగితం. పేరిందేవి కూర్చుని, కాగితం తిరగేసి, వెనకవైపు రాయడం మొదలెట్టింది. కుడిచేత్తో ఒక వాక్యం. ఎడమచేత్తో అదే వాక్యం. తరవాత వణుకుతున్న ముసలాయన చేత్తో. తరవాత అక్షరాలు విడివిడిగా పేర్చి రాసే బడిపిల్ల చేత్తో. 'ఒక్క లాగు లాగి విసిరింది.'

సుమేధ ముందు నవ్వింది. నాలుగో వాక్యానికి నవ్వు ఆగిపోయింది. అలమరలోంచి కార్డుల కట్ట తీసి ఒక్కొక్కటే పక్కన పెట్టి చూసింది.

"ఇవన్నీ నేనేనమ్మా," అంది పేరిందేవి. "నలభై ఒకటీ. అప్పట్లో అలా రాసేవాళ్ళం. అది పెద్ద తప్పనుకోలేదు. కానీ ఇందులో తప్పుంది. ఎనిమిదో భాగం నేను చూడలేదు. కరెంటు పోయింది. ఎవరో చెబితే విని రాశాను."

సుమేధ కార్డుల్ని బల్లమీద సర్దింది. సర్దిందే మళ్ళీ సర్దింది.

"చూడకుండా రాశారా?"

"రాశాను."

"మా అమ్మ ముప్పయ్యేళ్ళు జాకెట్లు కుట్టిందండీ."

"నిన్న చెప్పావమ్మా."

"నేను ఆవిణ్ణి నమ్మడం మానేశాను. చచ్చిపోతూ చెప్పినా నమ్మలేదు. మీ కార్డులు చూసే." గొంతు పెంచలేదు. పెంచితే బాగుండుననిపించింది పేరిందేవికి. "క్షమించమని అడక్కండి నన్ను."

"అడగను. అడగడానికి మొహం కూడా లేదు. ఆ కార్డులు యంత్రానికి పెట్టొద్దు, అది చెప్పడానికే వచ్చాను."

సుమేధ కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. రేవులో పడవలు వస్తున్నాయి. చాలాసేపటికి వెనక్కి తిరిగింది.

"పేరిందేవిగారూ, ఈ కార్డులు తీసేస్తే దీనికి ఏం వెతకాలో చెప్పేవాళ్ళే లేరు. బూడిదరంగు తెర చూసుకోవాలి, అంతే."

పిన్నిగారూ అన్న పిలుపు పోయిందని ఆవిడకి తెలిసింది. తగినదే అనుకుంది.

"మీ అమ్మ చెప్పింది కదా. నీళ్ళు తోడానంది. అది పెట్టు."

"అమ్మ తన గురించి తను చెప్పుకుంది. అది సాక్ష్యం ఎలా అవుతుంది?"

"అక్కడుండి చేసిన మనిషి ఆవిడొక్కత్తే. మిగతా నలభై ఒక్కమందీ చీకట్లో కూర్చున్నవాళ్ళం."

సుమేధ కార్డుల కట్ట తీసి సొరుగులో పెట్టింది. ఒక తెల్లకాగితం మీద 'నీళ్ళు తోడాను, అంతే' అని రాసి అద్దం మీద ఉంచింది.

"మరి ఇది మీ అమ్మ చెప్పినట్టే కల్పించి చూపిస్తే?" అంది పేరిందేవి. అభిప్రాయం చెప్పకుండా ఉండటం ఆవిడ వల్ల కాదు. "అదీ నా కార్డు లాంటిదే అయిపోదూ?"

"మాసిక వెయ్యొద్దని దీనికి చెబుతాను. వెతకడం వరకే. దొరకని చోట ఖాళీగా వదిలేస్తుంది." మీట నొక్కబోతూ సుమేధ ఒక్క క్షణం ఆగింది. "ఏమీ దొరక్కపోవచ్చు."

నీలం వెలుతురు వెలిగింది. చక్రాలు తిరిగాయి. పొడి రాలడం మొదలైంది.

చాలాసేపు ముసురే. మధ్యలో ఒక గుమ్మం, ఒక గొలుసు ఊగడం, ఎక్కడిదో కాకి అరుపు. మళ్ళీ బూడిదరంగు. పేరిందేవి శాలువా అంచు పట్టుకుని కూర్చుంది. సామర్లకోటలో కరెంటు పోయిన చోటు వచ్చిందని నడక చూసి గుర్తుపట్టింది. సుభద్ర నూతి దగ్గరికి వస్తోంది. ఇరవయ్యేడేళ్ళ పిల్ల. నుదుటి మీద చెమట. సుమేధ నోటిమీద చెయ్యి పెట్టుకుంది.

నూతి గట్టు దగ్గర సుభద్ర ఆగింది. చెయ్యి మెడ మీదికి వెళ్ళింది. ఆ చెయ్యి సూత్రాల్ని పట్టుకుంది. పట్టుకుని, వాటిని రవికెలోకి తోసుకుంది. పైట ఒకసారి సర్దుకుంది. చేద అందుకుని, నూతి మీదికి వంగింది.

తెర ఖాళీ అయింది. పదకొండు సెకన్లు ఏమీ లేదు. జ్ఞాపిక అక్కడ ఏమీ కల్పించలేదు.

మళ్ళీ బొమ్మ వచ్చేసరికి చేద గట్టు మీద ఉంది. ఇంటి బిందె పక్కన ఖాళీగానే ఉంది. సుభద్ర ముందు తను దోసిలి పట్టి తాగుతోంది. ఏడు భాగాల్లోనూ అందరికీ అందించిందే గాని తను తాగడం ఎవరూ చూడలేదు. తాగి, తడి చేత్తో మెడ తుడుచుకుంది. సూత్రాలు పైకి తీసి మామూలుగా పైట మీద వేసుకుంది. అప్పుడు బిందె నింపడం మొదలెట్టింది. అక్కడితో భాగం అయిపోయింది. పేర్లు పడుతుండగానే రిబ్బను తెల్లబడిపోయింది. చక్రం మీద ఇక ఏమీ లేదు.

"మెడ దగ్గర అదేమిటి చేసింది?" అంది సుమేధ. "అమ్మ అది చెప్పలేదు. మీ కార్డుల్లో కూడా లేదు. దీనికెవరూ చెప్పలేదు."

"మీకు తెలీదమ్మా, మీవన్నీ తిప్పితే నీళ్ళొచ్చే కుళాయిలు. నూతి మీదికి వంగితే సూత్రాలు వేలాడి చేదకి తగులుకుంటాయి. అందుకని లోపలికి తోసుకుంటాం. ఎవరూ చెప్పుకునే సంగతి కాదది. చేస్తున్నట్టు మనకే తెలీదు." పేరిందేవి కళ్ళు తుడుచుకుంది. "మా నూతి దగ్గర పన్నెండిళ్ళ వాళ్ళం రోజూ అదే చేసేవాళ్ళం. నేనూ చేసేదాన్ని. ఆ కార్డులు లారీలకిచ్చిన రోజు పొద్దున్న కూడా చేసే ఉంటాను."

సుమేధ పెట్టె దగ్గరికి వెళ్ళి అడుగున పడిన పొడి చూసింది. వేలితో కొంచెం తీసుకుని అరచేతిలో పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. పేరిందేవి లేచి దగ్గరికి వెళ్ళబోయి ఆగిపోయింది. ఓదార్చే హక్కు తనకి లేదనిపించింది. ఆ పిల్ల అమ్మని అడగాల్సినవి అడుగుతోంది, మధ్యలో తనెవరు?

అరచెయ్యి మూసుకుని సుమేధే అంది, "ప్రారంభోత్సవంలో ఇదే వేస్తాను. ఖాళీతో సహా. ఎందుకు ఖాళీ ఉందో ఎవరైనా అడిగితే చెప్పాలి."

"నేను చెబుతాను. ఫలకం వద్దు. మైకు ఇప్పించు చాలు. మీ అమ్మ పేరుతో పాటు నా పేరు కూడా చదవనీ, ఆ నలభై పేర్లు మాత్రం వద్దు. వాళ్ళేం చెయ్యలేదు పాపం." ఆవిడ చేతిసంచీ తెరిచింది. అందులో ఎప్పుడూ రెండు కార్డులుంటాయి. ఈ రోజుల్లో ఎవరికి రాస్తారని అడిగితే, ఉంటే ఏం పోయింది అంటుంది. "కలం ఇస్తావా అమ్మా?"

సుమేధ తన జేబులో కలం తీసిచ్చింది. ఇచ్చి వెళ్ళిపోలేదు, బల్ల పక్కనే నిలబడింది.

పేరిందేవి కళ్ళజోడు సర్దుకుని, కుడిచేత్తో, తన సొంత దస్తూరీతో, ఆరువందల పన్నెండో ఉత్తరం రాసింది.

'టీవీ కేంద్రం వారికి, నమస్కారం. "మధ్య గది" సీరియల్ ఎనిమిదో భాగం నేను ఈ రోజే మొదటిసారి చూచితిని. సుభద్ర నీళ్ళు తోడుకొని తాగినది. చాలా బాగున్నది. మిగిలిన అయిదు భాగములు ఎప్పుడు వేసెదరు? ఇట్లు, వేమగిరి పేరిందేవి.'